చేతిపలక ఎవరి చేతిలో?

నిర్మాణ రంగంలో స్త్రీల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం మామూలుగా కూలి రేటు దగ్గర మొదలుపెడతాం. అక్కడినుంచి మేస్త్రీల వేధింపులు, సైటులో మరుగుదొడ్డి లేకపోవడం, చెట్టుకొమ్మకి కట్టిన ఉయ్యాలలో పసిపిల్ల, ఇట్లా సాగుతుంది చర్చ. ఇవన్నీ మాట్లాడాల్సినవే, ఇంకా గట్టిగా మాట్లాడాల్సినవే. కానీ ఒక పనిముట్టు గురించి ఎవరైనా మాట్లాడగా మన సమావేశాల్లో నేనింతవరకూ వినలేదు. ఎన్నేళ్లయినా మన ఆడవాళ్లు కూలీలుగానే ఎందుకు మిగిలిపోతున్నారన్న ప్రశ్నకి జవాబు చాలావరకు ఆ పనిముట్టు చుట్టూనే ఉందని నా అభిప్రాయం.

స్లాబు పోశాక, లేదా నేలకి గచ్చు చేసేటప్పుడు, తడి కాంక్రీటు మీద రుద్ది చదును చేసే పలక అది. అడుగున ఒక చదునైన చెక్క, పైన పట్టుకోవడానికి పిడి. అంతే. తాపీ అందరికీ తెలుసు గానీ దీనికి ఊరికో పేరు. హైదరాబాదు సైట్లలో గుర్మాలా అన్న మాట వినపడుతుంది, కొన్నిచోట్ల ఉత్తగా 'చెక్క' అంటే చాలు. నేనిక్కడ చేతిపలక అని రాస్తాను. (పలక అనగానే మనలో చాలామందికి అక్షరాలు దిద్దే పలకే గుర్తొస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆ పలక పట్టిన ఆడవాళ్లే 1992లో సారా దుకాణాలు మూయించారు. పలక చిన్నదే, దాన్ని ఎవరు పట్టుకున్నారన్నది చిన్న సంగతి కాదు.)

ముందు బరువు సంగతి చూద్దాం. ఎందుకంటే ఆడవాళ్లకి మేస్త్రీ పని ఎందుకు నేర్పరని అడిగితే ప్రతి సైటులోనూ వచ్చే మొదటి జవాబు అదే: "అంత బలం వాళ్లకెక్కడిదమ్మా?" వెయ్యి చదరపు అడుగుల స్లాబు అయిదంగుళాల మందాన పోస్తే దాదాపు 12 ఘనమీటర్ల కాంక్రీటు పడుతుంది. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు. అంటే ఆ ఒక్క స్లాబుకి 28 టన్నుల మాలు పైకి చేరాలి. పది లీటర్లు పట్టే తట్టలో ఒక్కసారికి 24 కిలోలు. పదిమంది ఆడవాళ్లు మోస్తే తలా దాదాపు 120 తట్టలు. అదీ పరంజా బల్లల మీద, కొంగు నడుముకి చెక్కుకుని, తలమీద గుడ్డ చుట్ట పెట్టుకుని. చేతిపలక బరువు అర కిలో అటూ ఇటూ ఉంటుంది. 28 టన్నులు మోసేవాళ్లకి అర కిలో చెక్కని ఆడించే బలం లేదట! ఈ మాట అన్నవాళ్లకి నవ్వు రాదు, విన్న మనకీ రావడం లేదు. అసలు విషాదం అదే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట రాతికట్టడం. యంత్రాల కంటే మనుషుల తలల మీదే ఎక్కువగా లేచిన కట్టడం. ఆనాటి ఫోటోలు చూడండి, బారులు తీరి తట్టలు మోస్తున్న వాళ్లలో ఎంతమంది స్త్రీలో! పాలమూరు నుంచి దేశం నలుమూలలకీ వెళ్లి ప్రాజెక్టులు కట్టిన కూలీల గుంపుల్లో ఆలుమగలిద్దరూ వెళ్లేవారు. వడ్డెర కుటుంబాల్లో రాయి కొట్టే పనిలో, మట్టి పనిలో స్త్రీ లేని పనే లేదు. రెండు మూడు తరాలు గడిచాయి. ఆ మగపిల్లల్లో కొందరు తాపీ పట్టారు, మేస్త్రీలయ్యారు, ఒకరిద్దరు చిన్న కాంట్రాక్టర్లయ్యారు. ఆడపిల్లల తలమీద తట్ట మాత్రం దిగలేదు. తల్లి తట్ట కూతురికి వచ్చింది.

రెండో జవాబు ఇంకా విచిత్రమైనది. "ఆడోళ్ల చేతికి నున్నదనం రాదు" అంటారు. ఈ మాట చెప్పే మేస్త్రీ పుట్టిపెరిగిన ఇంటి నేల ఎవరు అలికారు? మట్టి జల్లించి, పేడ కలిపి, ఎంత నీళ్లు పోస్తే పగుళ్లు రాకుండా ఉంటుందో చేతివేళ్లతో తెలుసుకుని, గోడ మూలనుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ, అరచేత్తో అర్ధచంద్రాకారంగా తిప్పుతూ, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం పడేట్టు అలుక్కుంటూ గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్లు మన తల్లులు, అత్తలు. అరుగులకి ఎర్రమన్ను, గోడకి మెత్తుడు, పొయ్యిగడ్డకి పూత అన్నీ ఆడవాళ్లవే. కాంక్రీటు మీద చేతిపలక ఆడించే తీరు దాదాపు ఇదే! దూరపు మూల నుంచి మొదలుపెట్టడం, వెనక్కి జరగడం, విల్లు ఆకారంలో తిప్పడం, సగం మీద సగం పడటం. ఇంట్లో చేస్తే అలుకు, సైటులో చేస్తే ఫినిషింగు. అలుక్కి కూలి లేదు, ఫినిషింగుకి మేస్త్రీ కూలి. మట్టి స్థానంలో సిమెంటు వచ్చిన రోజున, నేలని నున్న చేసే పని ఆడవాళ్ల చేతిలోంచి మగవాళ్ల చేతిలోకి ఎంత చప్పుడు లేకుండా మారిపోయిందో ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

అట్లాగని అలుకు వచ్చినవాళ్లందరికీ కాంక్రీటు పని వచ్చేసినట్టే అని నేననను. మట్టి ఆరుతుంది, సిమెంటు గట్టిపడుతుంది. రెండూ ఒకటి కావు. మట్టి పాడైతే మళ్లీ తడిపి అలకొచ్చు. సిమెంటు ఒకసారి బిగిశాక మళ్లీ రాదు. అందుకే ఈ పనిలో నేర్చుకోవాల్సింది చెయ్యి తిప్పడం కంటే ఎక్కువగా, ఎప్పుడు చెయ్యి పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో. మన శిక్షణ కార్యక్రమాలు నడిపేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. విసుక్కోకుండా చదవండి. పని ఏమిటో తెలియకుండా పనిహక్కు గురించి ఎంతసేపు మాట్లాడగలం?

కాంక్రీటు పోసి, గట్టిచేసి, పొడుగాటి బద్దతో మట్టానికి లాగేస్తారు. అప్పుడు చూస్తే పైన అక్కడక్కడ కంకర తేలి, ఎత్తుపల్లాలుగా ఉంటుంది. కాసేపటికి లోపలి కంకర, ఇసుక బరువుకి కిందికి దిగుతుంటే నీళ్లు పైకి ఊరతాయి. నేల మీద సన్నగా నీటి తళుకు కనపడుతుంది. ఆ తళుకు ఉన్నంతసేపూ పలక పెట్టకూడదు. పెడితే ఆ నీటినంతా పై పొరలోకి రుద్దినట్టే. పై పొర బలహీనమై, కొన్నాళ్లకి నడుస్తుంటే దుమ్ము లేస్తుంది, సాలెగూడు లాంటి సన్న పగుళ్లు వస్తాయి, పెచ్చులూడతాయి. మన సైట్లలో తొందరకొద్దీ ఆ నీటి మీద పొడి సిమెంటు చల్లి రుద్దేస్తారు చూడండి, అది ఇంకా చెడ్డ పని. చల్లినప్పుడు చూడటానికి నున్నగా నిగనిగలాడుతుంది, కాంట్రాక్టరు డబ్బు తీసుకుని వెళ్లేదాకా అట్లాగే ఉంటుంది కూడా.

నీళ్లు ఆరిపోయి, తళుకు పోయి, నేల మసకబారాక కాలు మోపి చూడాలి. అడుగుజాడ పావు అంగుళం కంటే లోతుగా దిగకపోతే అప్పుడు పలక పట్టాలి. పలకని బల్లపరుపుగా ఆనించి తోయకూడదు. ఏ వైపుకి వెళుతోందో ఆ అంచు కొద్దిగా, ఒక్క నూలు మందం పైకెత్తి పట్టాలి. లేకపోతే ముందరి అంచు గుచ్చుకుని చాలు పడుతుంది. మణికట్టుతో కాదు, భుజం నుంచి తిప్పాలి. కొత్తవాళ్లు మణికట్టుతో తిప్పి రెండో రోజుకే చెయ్యి వాపని కూర్చుంటారు. ఎత్తు ఉన్నచోట నొక్కి కోయాలి, పల్లం ఉన్నచోట ఆ మాలు తెచ్చి నింపాలి. తేలిన కంకర కిందికి దిగి, సన్నటి ఇసుక సిమెంటు ముద్ద పైకి వస్తుంది. పలక పని ఇంతే: కంకరని దించడం, ముద్దని తేల్చడం, మట్టం చేయడం. నునుపు చేయడం దాని పని కాదు. నునుపు కావాలంటే ఆ తర్వాత, నేల ఇంకా బిగిశాక, ఉక్కు రేకు పలకతో చేస్తారు. దాన్ని తొందరపడి ముందే వాడితే పై పొర మూసుకుపోయి, అడుగున ఇంకా పైకి రావాల్సిన నీళ్లూ గాలీ చిక్కుకుని బొబ్బలు లేస్తాయి.

మరి ఏ పలక కొనాలి? మూడేళ్ల క్రితం ఒక శిక్షణ సంస్థ మా బస్తీ స్త్రీలకి ఇచ్చిన సంచిలో ఒక తాపీ, ఒక ఉక్కు రేకు పలక, ఒక టోపీ ఉన్నాయి. చెక్కపలక లేదు. అంటే చివరి మెరుగుకి వాడేది ఇచ్చారు, మొదటి పనికి కావలసింది ఇవ్వలేదు. కొలతలు కూడా అందరికీ ఒకటే. పిడి లావుగా ఉండి, చుట్టూ వేళ్లు అందక, పది నిమిషాల్లో గుప్పిట తిమ్మిరెక్కిందని చెప్పారు వాళ్లు. ఆ పిడి ఎవరి చేతికి చేశారో అడగాలనిపించింది, కానీ అడిగితే చెప్పడానికి ఆ సంస్థవాళ్లు ఆ తర్వాత మళ్లీ రాలేదు.

నేర్చుకోవడానికి చెక్కపలకే మంచిది. చెక్క కాంక్రీటుని కొంచెం పట్టి లాగుతుంది కాబట్టి ముద్ద పైకి తేలుతుంది, కింద ఏం జరుగుతోందో చేతికి తెలుస్తుంది. పై పొర మూసుకుపోదు, నీళ్లు ఊరడానికి దారి ఉంటుంది. మెట్లకి, స్నానాల గదికి, వాలుగా ఉండే దారికి చెక్కపలకతోనే ఆపేయడం మేలు. గరుకు ఉంటుంది, కాలు జారదు. గర్భిణీలూ ముసలమ్మలూ తిరిగే అంగన్‌వాడీల్లో, ఆస్పత్రి వరండాల్లో అద్దంలాంటి నేల ఎందుకు చేస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఇక చెక్క ముడులు లేకుండా, తిన్నటి చారలున్నదై ఉండాలి. పని మొదలుపెట్టే ముందు నీళ్లలో నాననివ్వాలి. ఎండు చెక్క పెడితే కాంక్రీటులోని తడిని తాగేస్తుంది, అంటుకుని పెళ్లలు లేపుతుంది. అంచులు అరిగి గుండ్రమైతే మార్చేయాలి. చెక్క తొందరగా అరుగుతుంది, అదొక్కటే దాని లోపం.

అల్యూమినియం, మెగ్నీషియం లోహాలతో చేసిన పలకలు తేలిగ్గా జారతాయి, అరగవు. మెగ్నీషియంవి అమెరికా లాంటి చోట్ల విరివిగా వాడతారు. చలిదేశాల్లో గడ్డకట్టే మంచుని తట్టుకోవడానికి కాంక్రీటులో కావాలని సన్నటి గాలిబుడగలు ఉంచుతారు, చెక్కపలక ఆ పై పొరని చీరేస్తుంది కాబట్టి అక్కడ లోహం కావాలి. మనకా అవసరం లేదు. ప్లాస్టిక్ పలకలు గోడ పూతకి పనికొస్తాయి, స్పంజి అంటించినవి ఇసుక పూతకి. స్లాబుకి, గచ్చుకి ఇవి నేను కొనను. పొడుగు సంగతి: పొడుగు పలక ఎక్కువ ఎత్తుపల్లాల్ని ఒకేసారి సరిచేస్తుంది, కానీ చెయ్యి దూరం సాచాలి. కొత్తవాళ్లకి పన్నెండు అంగుళాలది ఇచ్చి, చెయ్యి కుదిరాక పదహారుకి వెళ్లమనండి. పిడికీ పలకకీ మధ్య సందు వేళ్లకి సరిపోవాలి, లేకపోతే కణుపులు తడి సిమెంటులో ఈడ్చుకుపోతాయి. పిడి బిగించిన మేకు తల కిందివైపు బయటికి వచ్చిందేమో తడిమి చూడాలి. బజారులో దొరికినదానికంటే పక్క వీధి వడ్రంగి దగ్గర చేయించుకోవడమే నయం, చేతిని బట్టి పిడి సన్నం చేస్తాడు.

చెయ్యి అన్నాను కాబట్టి చర్మం గురించి కూడా చెప్పాలి. తడి సిమెంటు సున్నంలాగే క్షారం, చర్మాన్ని తినేస్తుంది. కొంతమందికి సిమెంటులోని క్రోమియం పడక దద్దుర్లు, పగుళ్లు వచ్చి ఏళ్లతరబడి మానవు. గచ్చు పని మోకాళ్ల మీద కూర్చుని చేసేది. తడి కాంక్రీటు మీద నేరుగా మోకాలు ఆనిస్తే బట్ట తడిసి, లోపల మెల్లగా కాలుతుంది, మొదట నొప్పి తెలియదు. సాయంత్రానికి పుండు. అందుకే రెండు చెక్కబల్లలు వేసుకుని వాటిమీద కూర్చోవాలి, రబ్బరు తొడుగులు వేసుకోవాలి, తొడుగులోకి సిమెంటు నీళ్లు పోతే వెంటనే తీసి మంచినీళ్లతో కడుక్కోవాలి. పరికరాల ఖర్చు రాసేటప్పుడు మనం తొడుగులని చివర్లో రాసి, నిధులు తగ్గగానే మొదట కొట్టేస్తాం. దయచేసి అట్లా చేయొద్దు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. ఇన్నేళ్లు సైట్లలో ఉన్నా మన ఆడవాళ్లు కనీసం చూసి అయినా ఎందుకు నేర్చుకోలేకపోయారు? మగకూలీలు బళ్లోకి వెళ్లి నేర్చుకోలేదు కదా, చూసే నేర్చుకున్నారు. దీనికి కారణం పై పేరాల్లోనే ఉంది. స్లాబు పొద్దున పోస్తారు. తట్టల పని మధ్యాహ్నానికో మూడు నాలుగింటికో అయిపోతుంది. నీళ్లు ఊరి, ఆరి, నేల పలకకి సిద్ధమయ్యేసరికి సాయంత్రం. చలికాలమైతే చీకటి పడుతుంది. సరిగ్గా ఆ వేళకి ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? తట్టలు, పారలు కడుగుతున్నారు, లేదా ఇంటికి పోయి పొయ్యి ముట్టిస్తున్నారు. "మాకేం నేర్పుతరక్కా, ఆరైతే పిల్లలకి బువ్వ ఎవరు వండుతరు?" అని ఒక చెల్లెలు అడిగింది నన్ను. భర్త అదే స్లాబు మీద మేస్త్రీ పక్కన కూర్చుని పలక ఆడించడం నేర్చుకుంటున్నాడు, ఆమె వండిన అన్నం తినడానికి ఎనిమిదింటికి వస్తాడు. చీకట్లో సైటులో ఆగితే వచ్చే మాటలు, వచ్చే ప్రమాదాలు వేరే ఉన్నాయి. మనం ఇంటిచాకిరీ గురించి ఎన్ని వ్యాసాలు రాసుకున్నామో! ఆ చాకిరీ ఒక స్త్రీ జీవితకాలపు కూలిలో ఎంత కోత పెడుతుందో ఆ రెండు గంటల్లో కనపడుతుంది.

స్లాబు మర్నాడు మళ్లీ ఆడవాళ్లే కావాలి, నీళ్లు కట్టడానికి. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, బూడిదో స్లాగో కలిసిన సిమెంటుకైనా, ఎండలు మండే చోటైనా కనీసం పది రోజులు తడి ఆరకుండా చూడాలని మన దేశపు కాంక్రీటు ప్రమాణాలే చెబుతున్నాయి. పలక ఎంత బాగా ఆడించినా ఈ నీళ్లు సరిగా పడకపోతే పై పొర పొడిపొడి అవుతుంది. నేల గట్టిదనంలో సగం ఆమెదన్నమాట. దాన్ని నైపుణ్యం అని ఏ కూలిరేట్ల జాబితాలో రాశారు?

మన చట్టాలు కూడా ఇక్కడే జారిపోతున్నాయి. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది, ఆ నియమం తర్వాత 2019 వేతనాల కోడ్‌లో చేరింది. రెండూ చెప్పేది ఒకే రకమైన పనికి, లేదా దానితో పోల్చదగిన పనికి స్త్రీపురుషులకి తేడా ఉండకూడదని. బాగానే ఉంది. కాంట్రాక్టరుకి ఇది పెద్ద ఇబ్బందే కాదు. ఆడవాళ్లకి ఆ 'ఒకే పని' ఇవ్వకపోతే సరిపోయె! మగవాడు మేస్త్రీ, ఆమె కూలి. అతనిది నైపుణ్యం గల పని, ఆమెది నైపుణ్యం లేని పని. పోల్చడానికేముంది? 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు చెప్పింది. గొప్ప తీర్పు. కానీ కనీస వేతనాల పట్టికలోనే నైపుణ్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని గీత గీసి ఉంది, ఆ గీతకి ఇవతలే మన స్త్రీలంతా ఉన్నారు. ఆ గీత మీద ఉన్న వస్తువు ఏమిటని చూస్తే తాపీ, చేతిపలక.

ఇక్కడ కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. తట్ట మోయడం నైపుణ్యం కాదా, తలమీద బరువుతో బల్లమెట్లెక్కడం ఎవరికి పడితే వాళ్లకి వస్తుందా, ఆ పనికే విలువ కట్టమని అడగాలిగానీ, మగవాళ్ల పని నేర్చుకుంటేనే విలువ అంటే వాళ్ల కొలబద్దని మనం ఒప్పుకున్నట్టు కాదా అని. ఈ వాదనలో నిజం ఉంది. నైపుణ్యం అనే మాటకి అర్థం ఎవరు చెప్పారన్నది స్త్రీవాదం వేయాల్సిన ప్రశ్నే. కానీ ఆ కొలబద్ద మారేదాకా తట్ట కింద మెడ ఆగదు. నలభై ఏళ్లకే మెడనరాలు, నడుము పోయి, గర్భసంచి జారి, ఆ పనికి కూడా పనికిరాకుండా పోతున్నవాళ్లని నేను ప్రతివారం చూస్తున్నాను. మేస్త్రీ మాత్రం అరవై ఏళ్లకీ పని చేస్తాడు. పైగా తట్ట పనే ఇవాళ పోతోంది. రెడీమిక్స్ లారీ వచ్చి, పంపు పెట్టి, గొట్టంతో మూడో అంతస్తుకి కాంక్రీటు ఎక్కిస్తే పదిమంది ఆడవాళ్లు అడ్డా మీదే మిగిలిపోతారు. పెద్ద గోడౌన్ల నేలల మీద పలక పనికీ యంత్రాలొచ్చాయి, నిజమే. అయితే గోడవారలు, మూలలు, మెట్లు, స్నానాల గదులు, చిన్న ఇళ్లు, ఊళ్లో వేసే సిమెంటు రోడ్లు, వీటికి ఇంకా చెయ్యే కావాలి. యంత్రం ముందుగా తీసేస్తున్నది ఆడవాళ్ల పనిని, మిగులుస్తున్నది మగవాళ్ల పనిని.

చేయగలరా అన్న ప్రశ్నకి కాలం చెల్లింది. అహ్మదాబాదులో సేవా సంస్థ 2003లోనే నిర్మాణ కార్మిక స్త్రీల కోసం 'కర్మిక' అనే బడి పెట్టింది. జార్ఖండ్‌లో 2010ల చివర్లో మరుగుదొడ్ల నిర్మాణం కోసం వేలమంది పల్లె స్త్రీలు తాపీ పట్టారు. వాళ్లని అక్కడ 'రాణీ మిస్త్రీ' అని పిలుస్తారు. పేరు ముచ్చటగా ఉంది. నా అనుమానం పేరు మీద కాదు. ఇట్లాంటివి ఎప్పుడూ ప్రభుత్వ పథకానికి మనుషులు చాలనప్పుడు మొదలవుతాయి. పథకం అయిపోయాక ఆమెని మామూలు కాంట్రాక్టరు మేస్త్రీగా పెట్టుకుంటాడా, మేస్త్రీ కూలి ఇస్తాడా అన్నదే నాకు కావలసిన లెక్క. సర్టిఫికెట్ల లెక్క కాదు.

మన స్వచ్ఛంద సంస్థల గురించి కూడా ఒక మాట, కోపం వచ్చినా సరే. స్త్రీలకి జీవనోపాధి అనగానే మనకి కుట్టుమిషను తప్ప ఇంకోటి తోచదు. ఆ తర్వాత అప్పడాలు, పచ్చళ్లు, ఈమధ్య బ్యూటీపార్లరు. ఇరవై ఏళ్లు స్లాబుల మీద గడిపి, మాలు పాళ్లు కళ్లతో చూసి చెప్పగలిగిన మనిషిని తీసుకొచ్చి జాకెట్టు కుట్టడం నేర్పిస్తాం! ఆమెకున్న విద్యని ఒక్క మెట్టు పైకి తీసుకెళ్లడం సులువా, కొత్తగా మొదటినుంచి మొదలుపెట్టించడం సులువా? తాపీ శిక్షణ పెట్టినవాళ్లు కూడా గదిలో పదిహేను రోజులు పెట్టి, ఒక గోడ కట్టించి, మళ్లీ పగలగొట్టించి, ఫోటో తీసి పంపేస్తున్నారు. కాంక్రీటు నేల అట్లా రాదు. ఎండ, గాలి, సిమెంటు రకం, నీళ్ల పాలు మారినప్పుడల్లా ఆ అడుగుజాడ వేళ మారుతుంది. మే నెలలో గంటకే సిద్ధమయ్యే నేల డిసెంబరులో నాలుగు గంటలైనా కాదు. అది తెలియాలంటే ఒక ఏడాది పాటు నిజమైన సైట్లలో, నిజమైన స్లాబుల మీద, కూలి తీసుకుంటూ నేర్చుకోవాలి. నేర్పే మేస్త్రీకి కూడా డబ్బివ్వాలి. ఊరికే నేర్పమంటే తన కడుపు మీద ఎందుకు కొట్టుకుంటాడు?

భవన నిర్మాణ కార్మికులుగా పేరు నమోదు చేయించేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. పద్దెనిమిది నుంచి అరవై లోపు వయసు, గడచిన ఏడాదిలో తొంభై రోజుల పని ఉంటే చాలు కాబట్టి మనం చకచకా ఫారాలు నింపేస్తాం, పని అన్నచోట అందరికీ 'కూలి' అని రాసేస్తాం. పలక పని వచ్చినామెకి 'తాపీ పని' అని రాయించండి. ఆమె పేరు పక్కన ఆ మాట ఎక్కడో ఒకచోట ప్రభుత్వ కాగితం మీద పడనివ్వండి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లలకి గది ఉండాలంది. చిన్న స్లాబుల మీద పదిమందే ఉంటారు కాబట్టి ఆ గది ఎప్పటికీ రాదు. కాబట్టి సాయంత్రపు రెండు గంటలు పిల్లల్ని ఎవరు చూస్తారన్నది మన బస్తీ సంఘాలే ముందు తేల్చుకోవాలి. భర్తలతో మాట్లాడటం కూడా శిక్షణలో భాగమే. మా దగ్గర ఇద్దరు భర్తలు ఒప్పుకున్నారు, ఒకాయన కొట్టాడు. ఆమె ఇంకా వస్తూనే ఉంది.

వచ్చే దఫా పన్నెండుమందితో మొదలుపెడుతున్నాం. గదిలో తరగతి లేదు. మా బస్తీ పక్కనే కడుతున్న చిన్న ఇళ్ల స్లాబుల మీద, వారానికి రెండు సాయంత్రాలు. కూలి పోకుండా ఆ గంటలకి మేమే డబ్బు కడతాం, చీకటి పడితే ఇళ్లకి చేర్చడానికి ఆటో మాట్లాడాం. వంట ఆ రెండు రోజులూ ఉమ్మడిగా ఒకచోట. చెక్కపలకలు వడ్రంగి చేత చేయిస్తున్నాం, పన్నెండుమంది చేతులూ కొలిచి, పిడి మూడు రకాల లావులో. ఒక్కొక్కటి ఒక పూట కూలి కంటే తక్కువే అయింది. పలక మీద వాళ్ల వాళ్ల పేర్లు చెక్కిస్తున్నాం, సైటులో ఇంకొకరు తీసేసుకోకుండా. ఎవరైనా మీ ఊళ్లో మొదలుపెట్టాలనుకుంటే పిడి కొలతలు రాసి పంపుతాం, పత్రిక చిరునామాకి ఒక కార్డు వేయండి.